శోకానికి శంకరాభరణం

జర్మనీలో మేముండే ఊరి రంగశాలలో గ్లుక్ అనే స్వరకర్త ఆపెరా (పాటలతోనే నడిచే నాటకం) ‘ఓర్ఫేయో ఎద్ ఎవురీదిచే’ ఆడుతున్నారని తెలిసి, 19 యూరోల చవక టికెట్టు కొన్నాను. మూడో అంతస్తు, పక్క వరుస. అక్కడినుంచి వేదికలో మూడో వంతు కనిపించదు. పాటల అర్థం చూపించే తెర కోసం మెడ చాచాలి. ఆ ముక్క టికెట్టు అమ్మేటప్పుడే చెప్పి ఉండవలసింది.

చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్లిన గాయకుడు ఓర్ఫేయో గ్రీకు కథ ఇది. తీసుకొచ్చే దారిలో ఆమె ముఖం చూడకూడదు. చూస్తాడు.

హరిశ్చంద్ర నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. వన్స్‌మోర్ అంటే చాలు, లోహితాస్యుడి శవం పక్కనే అదే పద్యం మళ్లీ. గ్లుక్ కాలంలో ఐరోపా గాయకులూ ఇలాగే సంగతులతో సాగదీసేవారట. 1762లో వియన్నాలో గ్లుక్, రచయిత కాల్జబీజి కలిసి ఈ ఆపెరాతో దానికి కత్తెర వేశారు. మొదట్లో సమాధి దగ్గర బృందమంతా విలపిస్తుంటే నాయకుడు పలికేది భార్య పేరొక్కటే, మూడుసార్లు. నాకు అక్కడే ఒళ్లు జలదరించింది. ఆ నాయకుడి వేషం కట్టింది స్త్రీ. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి విన్నవాళ్లకు ఇదేమంత వింత కాదు.

రెండో అంకంలో నా కుర్చీ విలువ తెలిసింది. హార్ప్ అనే పెద్ద తీగల వాద్యం వాయించే ఆమె సరిగ్గా నా కిందే. ఓర్ఫేయో బతిమాలుతుంటే పాతాళ భూతాలు ‘నో’ అని గద్దిస్తాయి (వాటికి ఆఫీసు సూట్లు ఎందుకు తొడిగారో!). ఎంత గద్దించినా ఆమె చేతులు తొందరపడలేదు. చిటికెన వేళ్లు మాత్రం తీగలను తాకనే లేదు. ఆ వాద్యానికి వాటితో పనే లేదట.

భార్య రెండోసారి చనిపోయాక పాడే పాట ‘కే ఫరో’ మన లెక్కలో శంకరాభరణం రాగం స్వరాలే. శోకమంటే ముఖారి రాగం ఎదురుచూసే చెవి నాది, మొదట చిరాకేసింది. పల్లవి మూడోసారి వచ్చేసరికి ఓర్ఫేయో వేషధారిణి గొంతు బాగా తగ్గించి పాడింది. చిరాకు ఎప్పుడు పోయిందో తెలియదు.

ముగింపు నచ్చలేదు. మన్మథుడు వచ్చి ఓర్ఫేయో భార్యను బతికించేస్తాడు. సావిత్రి యముడి వెంటపడి, వాదించి సాధించుకున్నది ఇక్కడ ఉచితంగా దొరికింది. తర్వాత నృత్యాలు మరీ సాగాయి. పక్కనున్న పెద్దావిడ అప్పటికే బయట అప్పగించిన కోటు తాలూకు టోకెను వెతుక్కుంటున్నారు.

గంటన్నర, విరామం లేదు. కాఫీ ముందే తాగి వెళ్లండి.