మిస్టేకెన్ పాయింట్ టూర్: తప్పకుండా వెళ్లండి

కెనడాలోని సెయింట్ జాన్స్‌కి వచ్చే మనవాళ్లు తిమింగలాలు, ఐస్‌బర్గ్‌లు చూసి తిరిగి వెళ్లిపోతుంటారు. న్యూఫౌండ్‌లాండ్‌లో ముందు చూడాల్సింది, సముద్రపు ఒడ్డు బండల మీద అతి పురాతన జీవుల శిలాజాలున్న మిస్టేకెన్ పాయింట్ అంటాను నేను. కారులో దక్షిణంగా రెండు గంటలు వెళ్తే పోర్చుగల్ కోవ్ సౌత్ వస్తుంది. టూర్ అక్కడి ఎడ్జ్ ఆఫ్ అవలాన్ కేంద్రం నుంచే.

శిలాజాల దగ్గరికి గైడ్ లేకుండా వెళ్లనివ్వరు, కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. కంకర రోడ్డు మీద, జాలర్లు ఏనాడో ఖాళీ చేసిన డ్రూక్ అనే ఊరు దాటి కారులో వెళ్లాలి. తర్వాత రానూపోనూ ఆరు కిలోమీటర్ల నడక. చెట్టన్నది లేదు, ఒకటే గాలి. మా మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అయినా మెల్లగా నడిచేశారు. గైడ్ ఆయన కోసం ఎక్కడికక్కడ ఆగింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

బండ ఎక్కే ముందు బూట్లు విప్పించి మెత్తటి మేజోళ్లు ఇస్తారు. ఎందుకంటే కాళ్ల కింద ఉన్నది 56 కోట్ల ఏళ్లు దాటిన సముద్రపు అడుగు. అగ్నిపర్వతపు బూడిద వచ్చి కప్పేయడంతో, అక్కడ బతికిన జీవుల ముద్రలు ఉన్నచోటే నిలిచిపోయాయి. కొన్ని అచ్చం చింతాకు రెమ్మల్లా ఉన్నాయి. కానీ అంత లోతుకి ఎండ చేరదు కాబట్టి మొక్కలు కావట. మావయ్యగారు ఒంగోలులో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. వంగి చూసి, ‘మరి వీటికి నోరేదమ్మా?’ అని అడిగారు. నోరూ లేదు, పేగూ లేదు, నీళ్లలోంచి ఒంటితోనే ఆహారం పీల్చుకునేవని అనుకుంటున్నారని గైడ్ ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత ఆయన్ని అక్కడి నుంచి కదిలించడం మా వల్ల కాలేదు!

వీటిని 1967లో గుర్తించింది మన దేశం నుంచి వచ్చి ఇక్కడి మెమోరియల్ యూనివర్సిటీలో చదువుతున్న శివ బాలక్ మిశ్రా. కదురు ఆకారంలో ఉన్న ఒక జీవికి 2007లో ఆయన పేరు మీద ఫ్రాక్టోఫ్యూసస్ మిస్రాయ్ అని పెట్టారు. ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? 2016లో మిస్టేకెన్ పాయింట్‌కి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది.

మధ్యాహ్నం టూర్ దొరికితే అదే తీసుకోండి. పొద్దు వాలుతూ ఎండ ఏటవాలుగా పడితేనే గీతలు బాగా తేలి కనిపిస్తాయి. ఎండాకాలమైనా గాలి ఆగే జాకెట్ ఉండాలి. బాత్‌రూమ్ పని కేంద్రంలోనే చూసుకుని బయల్దేరండి, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్తుంటే.