బట్టల ఉతుకుకు, ఇంటి శుభ్రతకు కుంకుడుకాయ: ఏళ్ల తరబడి వాడిన అనుభవం

తలంటుకే పరిమితమైన కుంకుడుకాయను బట్టలకు, ఇంటి పనులకు కూడా మా ఇంట్లో చాలా ఏళ్లుగా వాడుతున్నాము. పట్టు, ఉన్ని, ముదురు రంగు చేనేత బట్టలకు దీనిని మించినది నాకు కనబడలేదు. తెల్లబట్టలను, వంటింటి మొండి జిడ్డును మాత్రం దీనికి అప్పగించకూడదు.

పట్టు విషయమే ముందుగా చెప్పాలి. పట్టుదారం, ఉన్ని కూడా ప్రోటీన్‌తో ఏర్పడినవి కాబట్టి బట్టల సబ్బులోని క్షారగుణం వాటిని క్రమంగా గరుకుబారుస్తుంది. కుంకుడు రసానికి ఆ క్షారగుణం లేదు. నా పోచంపల్లి పట్టుచీరను చల్లారిన పలుచని రసంలో కాసేపు ముంచి, రుద్దకుండా, పిండకుండా జాడించి నీడలో ఆరవేస్తాను. ఇన్నేళ్లలో దాని మెరుపు తగ్గలేదు. అయితే చీర తడిపే ముందు లోపలి అంచును తడిగుడ్డతో అద్ది, రంగు అంటుతున్నదేమో చూసుకోవడం తప్పనిసరి. జరీ బరువుగా ఉన్న చీరలను నేను ఇంట్లో ఉతకను.

రసం తీయడానికి కాయలను చితక్కొట్టి, నల్లని గింజలు ఏరివేసి, తొక్కలను వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉదయం బాగా పిసికి పలుచని గుడ్డలో వడకట్టాలి. వడకట్టడంలో అశ్రద్ధ చేస్తే తొక్కల పిప్పి బట్టలకు అంటుకొని గోధుమరంగు మరకలు పడతాయి. అందుకే వాషింగ్ మెషీన్‌లో కూడా తొక్కలు వేయకుండా వడకట్టిన రసమే పోస్తాను. నురగ తక్కువగా వస్తుంది, కానీ మురికి వదలడానికి అంత నురగ అవసరం లేదు.

మాది బోరునీరు. ఉప్పునీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారి బట్టలకు పట్టుకుంటాయి. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లకు ఆ ఇబ్బంది లేనందువల్ల తువ్వాళ్లు మునుపటిలా బిరుసెక్కడం లేదు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోజనం.

తెల్లచొక్కాలు మాత్రం నాలుగైదు ఉతుకులకే మసకబారతాయి. బజారు పౌడర్లలో బట్టను తెల్లగా మెరిపించే ఆప్టికల్ బ్రైటనర్లు కలుపుతారు, కుంకుడులో అలాంటిదేమీ లేదు. పసుపు, కూర మరకలు కూడా దీనితో పోవు.

ఇంటి పనులలో బంగారు గొలుసులు, గాజులు కడగడానికి గోరువెచ్చని రసం, మెత్తని బ్రష్షు చాలు. వెండి కుందులకు పట్టిన నూనె వదులుతుంది గానీ నలుపు వదలదు. టైల్స్ నేలను తుడిచిన తరువాత మంచినీటితో మరొకసారి తుడవకపోతే కాలు జారుతుంది. గ్యాస్ పొయ్యి మీద మాడిన జిడ్డు దగ్గర ఇది పూర్తిగా విఫలమైంది.

మొక్కనుంచి వచ్చినదైనా జాగ్రత్తలు ఉన్నాయి. కంట్లో పడితే తీవ్రంగా మండుతుంది, పొడి ముక్కుకెక్కితే తుమ్ములు ఆగవు. సపోనిన్లు చేపలకు విషం కాబట్టి ఉతికిన నీటిని కుంటలోకీ చేపల తొట్టిలోకీ పోనీయకూడదు.

తీసిన రసం బయట ఉంచితే త్వరగా పులిసి వాసన వేస్తుంది. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, కావలసినప్పుడు నాలుగు ముక్కలు కరిగించుకుంటే ప్రతిసారీ నానబెట్టే శ్రమ తప్పుతుంది. కొనేటప్పుడు పొడికంటే కాయలే తీసుకోవాలని నా సలహా. పొడిలో గింజలు కలిసిపోయాయో లేదో చూసి చెప్పలేము.