16 వస్తువుల సైకిల్ కిట్: సంచిలో సగమే పనికొస్తుంది

చెన్నై రట్టన్ బజార్ సైకిల్ అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ నల్ల జిప్ సంచిలో దొరికే, పేరూ ఊరూ లేని రకం కిట్ ఇది. ధర వెయ్యిలోపే. పంక్చర్ సామాను బాగుంది, అలెన్ కీలు (బోల్టు తలలోని ఆరు పలకల గుంతలో పెట్టి తిప్పేవి) దండగ, నూనె చెన్నై గాలికి ఆగేది కాదు.

పంక్చర్‌తో మొదలుపెడదాం. టైర్ లీవర్లు మూడూ ప్లాస్టిక్‌వి కావడం నయం. ఇనుపవైతే ట్యూబుని రిమ్ముకేసి నొక్కి ఇంకో చిల్లు పెడతాయి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, వేలికి అంటనంతగా ఆరేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. తడిమీదే ప్యాచ్ పెడితే మర్నాటికి అంచు లేస్తుంది, అది ప్యాచ్ తప్పు కాదు. పక్కపక్కనే రెండు గాట్లు కనిపిస్తే గాలి తక్కువగా ఉండి, గుంతలో పడ్డప్పుడు రిమ్ము కొరికిందన్నమాట. చిల్లు ట్యూబు లోపలివైపు ఉంటే రిమ్ టేపు (ఊచల మొనలు తగలకుండా రిమ్ము మీద చుట్టే పట్టీ) జరిగి ఊచ మొన గుచ్చుకుందేమో చూడండి. టైరు లోపల పాత గుడ్డ తిప్పితే దారం తగులుకున్న చోటే గాజు పెంకు దొరుకుతుంది. వేలు మాత్రం తిప్పొద్దు. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ కొన్ని నెలల్లో గట్టిపడిపోతుంది కాబట్టి విడిగా ఇంకోటి తెచ్చుకోండి.

పంపు చిన్నదే. పాత నల్ల సైకిల్ వాల్వుకి, సన్న ప్రెస్టా వాల్వుకి ఒకే రంధ్రం సరిపోతుంది, మందపాటి వాల్వుకి రెండోది. 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఓపిగ్గా కొట్టొచ్చు. రోడ్డు సైకిళ్ల సన్న టైర్లకి మాత్రం దీన్ని నమ్ముకోలేం.

అలెన్ కీల దగ్గరే అసలు చిక్కు. 5 మి.మీ. కీ బోల్టు గుంతలో వదులుగా ఆడుతోంది. అలాగే బలంగా తిప్పితే గుంత అంచులు అరిగి గుండ్రమైపోతాయి, ఆ బోల్టు ఊడదీయించే ఖర్చులో మంచి కీల సెట్టే వస్తుంది. 15 మి.మీ. పానా కూడా మందంగా ఉండి పెడలుకీ, దాన్ని మోసే క్రాంకు కడ్డీకీ మధ్య సందులో దూరడం లేదు. ఎడమ పెడలు మర ఉల్టా అని మర్చిపోవద్దు: ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి.

ఇక చైను. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఉప్పుగాలికి పైపూత పోయిన చైను త్వరగా తుప్పు పడుతుంది. కిట్‌లో ఇచ్చిన నూనె కుట్టుమిషన్ నూనెలా పల్చన, ఒక్క వానకే కొట్టుకుపోతుంది. చెన్నైలో వానలుండే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిక్కటి వెట్ ల్యూబ్ (తడికి ఆగే చైను నూనె) వాడండి. డబ్ల్యూడీ-40 స్ప్రే మురికి వదలగొట్టడానికి పనికొస్తుంది, నూనెకి బదులు కాదు. చైనుని గుడ్డతో పూర్తిగా తుడిచాక పెడలు వెనక్కి తిప్పుతూ ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేయాలి. పది నిమిషాలాగి పైపైన ఉన్నదంతా తుడిచేయాలి. పైన మిగిలిన జిడ్డే ఇసుకని పట్టుకుని పళ్లని అరగదీస్తుంది.

అరుగుదల చూసే గేజి ఇందులో లేదు, ఉక్కు టేపు చాలు. ఒక పిన్ను మధ్య సున్నా పెట్టి ముందుకు 24 పిన్నులు లెక్కపెడితే కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు పెరిగేదాకా ఊరుకుంటే వెనక గేరు పళ్లూ మార్చాల్సి రావచ్చు.

చైను మార్చడానికి ఇచ్చిన చైన్ బ్రేకర్ (పిన్నుని బయటికి నెట్టే పనిముట్టు) మొన మెత్తన. మొన సరిగ్గా పిన్ను నడిమధ్యకి వచ్చిందో లేదో చూసుకుని తిప్పండి, కాస్త పక్కకి ఒరిగినా వంగిపోతుంది. పాత పిన్నునే మళ్లీ కొట్టకుండా చైనుకి సరిపోయే క్విక్ లింక్ (చైను రెండు కొసల్నీ కలిపే విడి లంకె) వేయండి. 8 స్పీడు (వెనక ఎనిమిది గేర్ల) చైనుకి 8 స్పీడు లింకే పడుతుంది, అది ఈ సంచిలో లేదు.