పొట్ట లోపల కుట్టే సూది: ఐదేళ్ళ వాడకం తర్వాత

మా అమ్మమ్మ బొంత కుట్టేటప్పుడు ఎడమచెయ్యి బొంత కింద పెట్టుకునేది. కుడిచేత్తో గుచ్చిన సూది మొన కింద వేలికి తగిలితేనే అన్ని పొరలూ దాటినట్టు. తగలకపోతే తీసి మళ్ళీ గుచ్చేది. నేను ఐదేళ్ళుగా నోట్లోంచి స్కోప్, అంటే కొసన కెమెరా ఉన్న గొట్టం, దించి పొట్ట గోడకు కుట్లు వేస్తున్నాను. ఆ ఎడమచెయ్యి ఒక్కటే నాకు లేదు.

విజయవాడలో గ్యాస్ట్రోఎంటరాలజిస్టుగా పనిచేస్తున్నాను. నేను వాడేది డబుల్ ఛానల్ స్కోప్ (లోపల పనిముట్లు దూర్చే దారులు రెండున్నది) చివర టోపీలా బిగించే సూచరింగ్, అంటే కుట్లు వేసే, పరికరం. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయే ఇబ్బందులు ఈ తరహా డిజైన్ మొత్తానికీ ఉన్నవే. ఇప్పటికి వందకు పైగా కేసులు చేశాను. ఎక్కువ భాగం బరువు తగ్గడానికి చేసే స్లీవ్, అంటే కోత లేకుండా పొట్టను లోపలి నుంచి మడిచి సన్నగా కుట్టడం. మిగతావి ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర వచ్చే లీకులు, లోపల పెట్టిన స్టెంట్ (దారి తెరిచి ఉంచే గొట్టం) జారిపోకుండా వేసే కుట్లు.

పని జరిగే తీరు ఇదీ. స్కోప్ చివర వంపు తిరిగిన చేయి, దాని కొసన సూది. ఒక ఛానల్లోంచి హెలిక్స్ వస్తుంది, సీసా బిరడా తీసే మర లాంటిది. దాన్ని గోడలోకి తిప్పి, గోడను మన వైపు లాగుతాం. పిడి నొక్కితే చేయి మూసుకుని సూది దిగుతుంది, అవతల కాథెటర్ అనే సన్నని గొట్టం దాన్ని అందుకుంటుంది. ముందు గోడ, పెద్ద వంపు, వెనక గోడ, మళ్ళీ వెనక్కి. చివర్న సూది మొననే లోపల వదిలేస్తాం, అదే దారానికి లంగరు. రెండో కొసన సించ్ (ముడికి బదులు దారాన్ని పట్టే చిన్న బిరడా) బిగిస్తే దారం తెగుతుంది. 2-0 పాలీప్రొపిలీన్ దారం నీలం రంగులో ఉంటుంది కాబట్టి పసరు, రక్తం మధ్య కూడా చక్కగా కనిపిస్తుంది. అది ఎవరు ఆలోచించారో గానీ దండం పెట్టాలి.

ఇది పనిచేస్తుందా అంటే, చేస్తుంది. 2022లో లాన్సెట్‌లో వచ్చిన మెరిట్ ట్రయల్‌లో స్లీవ్ చేయించుకున్నవాళ్ళు 52 వారాలకు సగటున 13.6 శాతం బరువు తగ్గారు, ఆహారం, వ్యాయామం లాంటి జీవనశైలి మార్పులు మాత్రమే పాటించినవాళ్ళు 0.8 శాతం. నా రోగుల్లో కూడా మంచి ఫలితాలే చూశాను, తిండి మార్చుకోనివాళ్ళని మినహాయిస్తే.

నా పేచీ అంతా చూపుతోనే. కెమెరా స్కోప్‌ది, సూది దాని ముందు ఉంటుంది. గోడను లాగి పరికరం చేతిలోకి తెచ్చేసరికి లెన్స్ ముందంతా అదే నిండిపోతుంది. సూది దిగే ఆ క్షణంలో స్క్రీన్ మీద గులాబీ రంగు తప్ప ఏమీ ఉండదు. పైగా ఛానళ్ళలో సామాను ఉండడంతో సక్షన్ సన్నగిల్లుతుంది. లెన్స్ మీద రక్తం పడితే అన్నీ ఆపి కడుక్కోవాలి. కంపెనీ రెప్ వచ్చి 4కె గురించి చెప్తుంటే నాకు నవ్వొస్తుంది. కనిపించనిదాన్ని ఎన్ని పిక్సెల్స్‌తో చూపిస్తారు?

మొదటి ఏడాదిలో ఒక లీకు కేసు. స్క్రీన్ మీద కుట్లు ముచ్చటగా కనిపించాయి, ఫోటో కూడా తీసుకున్నాను. ఆరు వారాల తర్వాత చూస్తే నీలం దారం వదులుగా వేలాడుతోంది, లీకు అలాగే ఉంది. కుట్టు పైపొరనే పట్టింది, కండ దాకా వెళ్ళలేదు. ఇది కొత్త జబ్బేమీ కాదు. లండన్‌లో పాల్ స్వెయిన్ బృందం పని నుంచి వచ్చిన ఎండోసించ్ అనే పాత కుట్టు పరికరం గోడను పీల్చి కుట్టేది. ఎసిడిటీ రోగుల్లో ఆ కుట్లు కొన్నాళ్ళకు ఊడిపోవడానికి ఒక ముఖ్య కారణం ఈ లోతు తక్కువే.

అలాగని లోతుకు వెళ్దామంటే పొట్ట గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే. దాని అవతల ఒకచోట పిత్తాశయం, ఒకచోట ప్లీహం. ఫండస్, అంటే పొట్ట పైభాగం, దగ్గర గోడ మరీ పలచన, అందుకే అక్కడ కుట్టం.

నాకు ఎడమచెయ్యి లాంటిది ఉందంటే మా టెక్నీషియన్ వేళ్ళే. హెలిక్స్ తిప్పేది ఆమె. చుట్లు పైకే లెక్కపెడుతుంది. ఒక్కోసారి నాకు స్క్రీన్ మీద అంతా బాగానే ఉంటుంది, ఆమె మాత్రం "సార్, పైపైనే ఉంది, తీసి మళ్ళీ పెడదాం" అంటుంది. వాదించడం ఎప్పుడో మానేశాను.

డిజైన్ చేసేవాళ్ళని నేను అడిగేది ఆ వేళ్ళ పని చేసే చూపు. పొట్ట గోడను పొరలు పొరలుగా చూపించే 20 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ మినీప్రోబ్ మా దగ్గరే ఉంది, కానీ కుట్టేటప్పుడు దాన్ని దూర్చడానికి ఛానల్ ఖాళీ ఉండదు. ఆ సెన్సర్ సూది చేతిలోనే ఉండాలి. ఇజ్రాయెల్ కంపెనీ మెడిగస్ చేసిన మ్యూజ్ అనే పరికరంలో కెమెరా, అల్ట్రాసౌండ్, స్టేప్లర్ ఒకే గొట్టంలో పెట్టారు, గోడ సరిగ్గా ఇరుక్కుందో లేదో దూరం కొలిచి చూసుకుని పిన్ కొట్టొచ్చు. అది ఎసిడిటీకి చేసిన స్టేప్లర్, నా కుట్టుకు పనికిరాదు, కానీ ఆలోచన అదే. రెండో కెమెరా సూది అవతలి వైపు కావాలి. 2019లో ఓమ్నివిజన్ తెచ్చిన కెమెరా చిప్ వెడల్పు 0.575 మిల్లీమీటర్లు, 200 బై 200 పిక్సెల్స్. సినిమా తీయడానికి చాలదు, సూది మొన బయటికొచ్చిందో లేదో చూడ్డానికి చాలు. ఇవన్నీ తగిలించి స్కోప్‌ను ఇంకా లావు చేయొద్దని మాత్రం మనవి. డబుల్ ఛానల్ స్కోప్ ఇప్పటికే 12 మిల్లీమీటర్లు దాటింది, గొంతు దాటించేటప్పుడే నాకు టెన్షన్.

కొనాలనుకుంటున్న డాక్టర్లకు: నెలకు రెండు మూడు కేసులైనా లేకపోతే వద్దు, చెయ్యి మరిచిపోతుంది. పరికరం, దారం, సించ్ అన్నీ ఒకసారి వాడి పారేసేవే, రోగికి ఖర్చు ముందే విడమరిచి చెప్పండి. పొట్టను ఉబ్బించే కార్బన్ డయాక్సైడ్ పంపు లేకుండా మొదలుపెట్టొద్దు. ట్రైనింగ్‌కి మీరొక్కరే వెళ్ళకండి, హెలిక్స్ తిప్పే మనిషిని కూడా తీసుకెళ్ళండి. నేను మొదటిసారి ఒక్కడినే వెళ్ళొచ్చాను.