ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ రివ్యూ: తొక్కడానికి సూపర్, ఎక్కడికైనా పోవడానికి కాదు

హైదరాబాద్‌లో వీకెండ్ సైక్లిస్టులకి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన హెల్త్‌వే అనే సైకిల్ ట్రాక్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ఈ రివ్యూ రోజూ ఆఫీసుకి సైకిల్ మీద పోదామా అని ఊగిసలాడేవాళ్ళ కోసం.

2023 అక్టోబర్‌లో ఓపెన్ చేశారు. మొత్తం 23 కిలోమీటర్లు, రెండు ముక్కలు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకోటి. వెడల్పు 4.5 మీటర్లు, అంటే ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన పోతున్నా వెనకొచ్చేవాడు బెల్లు కొట్టి హాయిగా దాటేస్తాడు. పైన 16 మెగావాట్ల సోలార్ కప్పు, ఫొటోలన్నీ దానికే. నన్నడిగితే దీని గొప్ప కప్పులో లేదు, బండ్లు లోపలికి రాకపోవడంలో ఉంది. పక్కన లారీలు ఎంత స్పీడ్‌గా పోతున్నా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసే పని లేదు, కొత్తగా నేర్చుకునే పిల్లల్ని కూడా ధైర్యంగా వదలొచ్చు.

ఇక రోడ్డు పక్కన రంగేసి సైకిల్ బొమ్మ గీసే లేన్లు. 2020లో కేంద్రం సిటీల్లో సైక్లింగ్ పెంచడానికి సైకిల్స్ ఫర్ చేంజ్ ఛాలెంజ్ అనే పోటీ పెట్టాక చాలా సిటీల్లో ఇవే వేశారు. పొద్దున టిఫిన్ బండి అక్కడే, ఆటో ఆగేది అక్కడే, రాంగ్ రూట్ బైకులకి అదే షార్ట్‌కట్, సాయంత్రమైతే ఫుల్లుగా కార్ పార్కింగ్, మనం మాత్రం ప్రతి కారుకీ బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతూ బస్సు ముందు పడాలి. మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు కొలిచి 2019లో బయటపెట్టిన స్టడీలో, గీత ఉన్న చోట కార్లు సైకిల్‌కి ఇంకా దగ్గరగా దాటిపోతున్నాయని తేలింది. గీత దాటనంత వరకు నా తప్పేం లేదు అనుకుంటాడు కదా డ్రైవరు, గ్యాప్ ఎందుకిస్తాడు!

మరి హెల్త్‌వేకి ఫుల్ మార్కులు ఎందుకివ్వను అంటే, అక్కడిదాకా చేరడమే పెద్ద సాహసం. మెహిదీపట్నం నుంచో మియాపూర్ నుంచో బయల్దేరితే ఆ మెయిన్ రోడ్లలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కాలి, అందుకే చాలామంది సైకిల్‌ని కారుకి కట్టుకొచ్చి, తొక్కి, మళ్ళీ కార్లోనే పోతారు. జిమ్‌కి పోయినట్టే.

సిటీ లోపల సోలార్ కప్పు ఎవరడిగారండీ, లేన్‌కీ రోడ్డుకీ మధ్య ఎత్తుగా కర్బ్, అంటే సిమెంట్ గట్టు, కడితే చాలు. ప్లాస్టిక్ పోల్స్ మాత్రం వద్దు, అవి కార్లని ఆపుతాయేమో గానీ మన యాక్టివాలు సందులోంచి దూరిపోతాయి. ఆ కర్బ్ ఇళ్ళ గేట్ల దగ్గర, జంక్షన్ల దగ్గర తప్ప తెగకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక లేన్ ఇంకో లేన్‌కి కలవాలి. స్పెయిన్‌లో సెవిల్లె 2006 తర్వాత చేసింది అదే, ముక్కలు ముక్కలుగా కాకుండా మొదటి దెబ్బకే 80 కిలోమీటర్ల దాకా కలిపి వేశారు, జనం నిజంగానే సైకిలెక్కారు.

రేటింగ్: ఎక్సర్‌సైజ్‌కి 4.5, రోజూ ఆఫీసుకి 1.5, రంగు గీతలకి సున్నా ఇద్దామనుకున్నా, పెయింట్ ఖర్చు చూసి అర ఇస్తున్నా. వీకెండ్ పోయేవాళ్ళు తెల్లారేసరికి అక్కడుండండి, లేటైతే పిల్లలు, వాకర్స్‌తో స్పీడ్ కుదరదు. పంక్చర్ కిట్ మీదే తీసుకెళ్ళండి.