రొట్టెల పండుగ రాత్రికి ఏది: హై ఐఎస్ఓ బాడీయా, ఎఫ్/1.8 లెన్సా?

నెల్లూరు స్వర్ణాల చెరువులో రాత్రిపూట ఫొటోలు తీయాలంటే వెలుతురుతోనే టెన్షన్. లైట్ల కింద బాగానే ఉంటుంది, నాలుగడుగులు పక్కకు జరిగితే చీకటి. రొట్టె చేతులు మారేటప్పుడు షటర్ స్పీడ్ 1/125 సెకను కంటే తగ్గితే వేళ్లు అలుక్కుపోతాయి.

పాత క్రాప్ బాడీకి (చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకి) 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ద్వారం పెద్దది), ఎఫ్/4 కన్నా దాదాపు 5 రెట్ల వెలుతురు వస్తుంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన పెంచే అంకె) 6400 కావాల్సిన చోట 1250 చాలు. ఖర్చూ తక్కువే. కానీ రెండు మీటర్ల దూరంలో ఫోకస్‌లో ఉండేది జానెడు లోతు కూడా కాదు. రొట్టె ఇచ్చే ఆమె కళ్లు స్పష్టంగా ఉంటే పుచ్చుకునే ఆమె మసకబారుతుంది. ఈ పండుగలో ఇద్దరూ కనిపించకపోతే ఇంకేం ఫొటో!

హై ఐఎస్ఓ బాడీ అంటే ఇక్కడ ఫుల్ ఫ్రేమ్ కెమెరా. దాని సెన్సర్ విస్తీర్ణం క్రాప్ కంటే రెండింతలకు పైనే. ఎఫ్/4 జూమ్‌ను 35 ఎంఎం దగ్గర పెట్టి 6400కు వెళ్లినా చర్మం రంగు నిలుస్తుంది, రెండు ముఖాలూ ఫోకస్‌లో ఉంటాయి. కాస్త నాయిస్ (గరుకు చుక్కలు) కనిపిస్తుంది, కనిపించనీండి. ఐఎస్ఓకు భయపడి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుగు పెంచినా ఆ నాయిస్ తప్పదు.

చెరువుకైతే నా ఓటు బాడీకే. పెళ్లి మండపంలో ఒక్కొక్కరి పోర్ట్రెయిట్లకు మాత్రం ఆ చిన్న లెన్స్ చాలు, డబ్బూ మిగులుతుంది.