గోపాల్‌పూర్‌లో ఒక పూట: బీచి కోసం కాదు, పాత రేవు కోసం వెళ్లండి

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. మినీ బస్సులు, షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. చాలామంది వెళ్లి, ఇసకలో నాలుగు ఫోటోలు దిగి, వేయించిన చేప తిని, "ఇంతేనా!" అనుకుంటూ వచ్చేస్తారు. స్నానాల బీచిగా చూస్తే వాళ్లు అన్నది తప్పేం కాదు. కానీ పాత రేవుగా చూస్తే, గంజాం జిల్లాలో ముందు చూడాల్సిన ఊరు ఇదే.

రేవు అనగానే ఓడలు ఆనుకునే గట్టు కోసం వెతక్కండి. స్టీమర్ల కాలంలో ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేసేది. సరుకైనా మనుషులైనా మసూలా అనే కుట్టు పడవల్లోనే ఓడ దాకా వెళ్లాలి. ఇక్కడ సముద్రానికి అడ్డుగా దీవి లేదు, మలుపు లేదు. కెరటం నేరుగా వచ్చి ఒడ్డునే విరిగిపడుతుంది. మేకులు కొట్టిన పడవ అలాంటి చోట ఇసకకు తగిలితే మేకుల దగ్గరే పగులుతుంది. అందుకే పలకల అంచుల్లో రంధ్రాలు వేసి, సందులో పీచు కూరి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టేవారు. దెబ్బ తగిలినప్పుడు కుట్టు సాగుతుంది, పలక వంగుతుంది, పడవ నిలుస్తుంది. దాని ఇబ్బంది దానికుంది: ఉప్పునీళ్లకు తాడు నాని వదులవుతుంది, నీళ్లు ఊరుతుంటాయి, కుట్లు విప్పి మళ్లీ కుట్టాల్సిందే. ఇప్పుడు ఒడ్డున ఎక్కువగా ఫైబర్ పడవలే కనిపిస్తాయి. పాత కుట్టు పడవ ఒక్కటి కంటబడినా దగ్గరకు వెళ్లి అంచు పొడవునా కుట్టు చూడండి. ఈ ఊరి చరిత్ర ఏ బోర్డు మీదా అంత బాగా రాసి ఉండదు.

ఈ రేవు ఎదగడానికి ముందు పెద్ద ఊరు గంజామే. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట, పొటగడ కోట పక్కన, కుంఫిణీవాళ్ల కచేరీలు ఉండేవి. 1815 ప్రాంతంలో జ్వరాలు ప్రబలి ఊరు పాడుబడింది. ఆ తర్వాతే గోపాల్‌పూర్‌కు దశ తిరిగింది. అసలు రాబడి తెచ్చింది బర్మా ప్రయాణం. గంజాం పల్లెల నుంచి కూలి పనికి రంగూన్ వెళ్లే జనం ఇక్కడ స్టీమరు ఎక్కేవారు. అవే ఓడలు కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడల్లోనూ ఆగేవి. ఒక రకంగా ఉత్తరాంధ్ర రేవులన్నిటికీ ఇది తోబుట్టువు. 1942లో రంగూన్ జపాన్ సేనల చేతికి చిక్కడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి, వాటితోపాటే రేవూ పడిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. బరంపురం వీధుల్లో నేటికీ తెలుగు వినిపించడం అందుకే.

చూసే వరుస ముఖ్యం. మధ్యాహ్నం మూడింటికల్లా చేరండి. లైట్‌హౌస్ సాయంత్రం పూట కొద్ది గంటలే తెరుస్తారు. పొద్దున వెళ్తే గేటు చూసి రావాల్సిందే. కెమెరాకు వేరే టికెట్ ఉందేమో కౌంటరులోనే అడగండి. పైకెక్కాక ముందు కిందికి, ఒడ్డు వైపు చూడండి. తెల్లటి నురుగు గీత ఒడ్డుకు ఎంత దగ్గరగా ఉందో, దాని అవతల నీళ్లు ఎంత నిదానంగా ఉన్నాయో తెలుస్తుంది. స్టీమరు ఆగింది ఆ అవతలే. మసూలా పడవ దాటాల్సింది ఆ గీతనే. ఇది చూశాక కిందికి దిగితే మిగతా ఊరంతా అర్థమవుతుంది.

దిగాక ఒడ్డు వెంట నడుస్తుంటే పాత గోదాముల, బంగళాల మొండిగోడలు కనిపిస్తాయి. వీటిని పట్టించుకునే నాథుడు లేకపోవడం బాధ కలిగిస్తుంది. ఏది ఏమిటో చెప్పే పలక ఒక్కటి పెట్టినా వచ్చినవాళ్లు మరో గంట ఆగుతారు. 1914లో ఒక ఇటలీ దొర కట్టించిన పామ్ బీచ్ హోటలు మాత్రం చేతులు మారి నేటికీ నడుస్తోంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్లు వాతావరణ కబురు చూసుకునే బయల్దేరాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య హాయిగా ఉంటుంది.

సముద్రంలోకి దిగే విషయంలో ధీమా వద్దు. ఒడ్డు నిటారుగా దిగుతుంది, రెండడుగులు వేసేసరికి నడుం లోతు. విరిగిన కెరటం వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా బోల్తా పడేది ఆ లాగుడుకే. పిల్లలను మోకాళ్ల లోతు దాటనివ్వకండి. ఒడ్డున స్నానాలవాళ్లను కనిపెట్టుకుని ఉండే నోలియాలు వద్దన్న చోట అసలు దిగొద్దు. ఇక్కడి నోలియాల్లో చాలామంది తెలుగు మాట్లాడే జాలర్లే, "అన్నా, ఇక్కడ దిగొచ్చా?" అని అడిగితే ఉన్నమాట చెప్తారు.

తిండి సంగతికొస్తే, బీచి బండ్ల మీద కారం పట్టించి వరసగా పేర్చిన చేపలు కంటికి ఇంపుగా ఉంటాయి. వాటిని వదిలేయండి. ఎర్రటి మసాలా కింద చేప ఎప్పటిదో తెలియదు. మసాలా పట్టని చేప చూపించమనండి. మొప్ప ఎర్రగా, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. కన్ను లోపలికి పోయి మసకబారిందంటే పాతదే. చందువ అయితే వేపుడుకు బాగుంటుంది. ధర ముక్కకో తూకానికో ముందే తేల్చుకోండి, తిన్నాక బేరం కుదరదు.

ఎక్కువమంది పొరబడేది ఒకటుంది. ఆటోవాళ్లను "పోర్టు" అని అడిగితే ఉత్తరాన ఛత్రపురం వైపున్న కొత్త ఓడరేవు గేటు దగ్గర దింపుతారు. అది సరుకు రవాణా రేవు, అనుమతి లేకుండా లోపలికి వెళ్లనివ్వరు. మీకు కావలసింది "లైట్‌హౌస్", అలాగే చెప్పండి.

ఒక పూట చాలదు, రోజంతా ఉంది అనుకుంటే పొద్దున గంజాం వెళ్లి పొటగడ కోట చూసుకుని, మధ్యాహ్నానికి ఇటు రండి. ఫిబ్రవరి, మార్చిల్లో రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి ఎక్కువగా రాత్రి వేళల్లోనే ఒడ్డెక్కుతాయి, టార్చి వెలుగు పడితే వెనక్కి పోతాయి. అటవీ శాఖవాళ్లను అడగకుండా ఆ ఇసకలో అడుగు పెట్టొద్దు.

తిరుగు ప్రయాణానికి చీకటి పడకముందే బస్సు వేళ కనుక్కోండి. రాత్రయ్యాక ఆటోవాళ్లు మొత్తం బండి కిరాయి అడుగుతారు.